అమెరికా చదువుకు వెళ్తున్నారా? ఫోన్ ప్లాన్ కంటే ముందు ఇండియా నంబర్ సంగతి తేల్చుకోండి

ఐ-20 వచ్చింది. వీసా స్టాంపింగ్ అయిపోయింది. టికెట్ కూడా బుక్ అయింది. ప్రెషర్ కుక్కర్, ఆవకాయ, కారప్పొడులు, రెండేళ్లకు సరిపడా మందులు సూట్‌కేసులోకి ఎక్కేశాయి. కిలోల లెక్కన తూకం వేసి మరీ సర్దుతారు. ఫోన్ విషయానికి వచ్చేసరికి మాత్రం "అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే" అనేస్తారు. చాలామంది విద్యార్థులు ఇబ్బంది పడేది సరిగ్గా ఇక్కడే. అమెరికా సిమ్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఇండియా నంబర్ ఒకసారి చేజారితే మళ్లీ తెచ్చుకోవడం అంత తేలిక కాదు. పైగా ఎడ్యుకేషన్ లోన్, బ్యాంక్ ఖాతా, ఆధార్, డిజిలాకర్... అన్నీ ఆ పది అంకెలకే ముడిపడి ఉంటాయి.

హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, వరంగల్ నుంచి ఏటా వేల మంది మాస్టర్స్ కోసం అమెరికా వెళ్తున్నారు. మరి ఇండియా నంబర్‌ను ఎలా నిలుపుకోవాలి? ఇక్కడి ఫోన్ అక్కడ పనిచేస్తుందా? ఏ కంపెనీ సిమ్ తీసుకోవాలి? అన్నయ్య ఫ్యామిలీ ప్లాన్‌లో చేరితే లాభమా, నష్టమా? ఆ వివరాలు ఇప్పుడు చూద్దాం.

సెకండ్ సెమిస్టర్ ఫీజు దగ్గర ఆగిపోయే ఓటీపీ

మొదటి సెమిస్టర్ ఫీజు చాలావరకు ఇండియాలో ఉండగానే కట్టేస్తారు. అసలు సమస్య రెండో విడత దగ్గర వస్తుంది. లోన్ డబ్బు విడుదల చేయించాలన్నా, ఇంటి ఖాతా నుంచి విదేశానికి పంపాలన్నా, నెట్ బ్యాంకింగ్‌లో పాస్‌వర్డ్ మార్చాలన్నా బ్యాంక్ రిజిస్టర్డ్ మొబైల్ నంబర్‌కే ఓటీపీ పంపుతుంది. ఆ సిమ్ వ్యాలిడిటీ అయిపోయి ఉంటే మెసేజ్ రాదు. రీచార్జ్ చేద్దామంటే కార్డుకు ఓటీపీ కావాలి. ఓటీపీ రావాలంటే రీచార్జ్ ఉండాలి. ఈ చక్రంలో పడ్డవాళ్లు చివరికి ఇంటికి ఫోన్ చేసి నాన్నతోనో తమ్ముడితోనో రీచార్జ్ చేయించుకుంటారు. అక్కడితో ఆగితే అదృష్టమే. నంబరే రద్దయిపోతే?

ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజుల కంటే తక్కువ కాలం వాడలేదన్న కారణంతో కంపెనీలు రద్దు చేయకూడదని ట్రాయ్ 2013లోనే నిబంధన పెట్టింది. ఖాతాలో 20 రూపాయలు గానీ అంతకంటే ఎక్కువ గానీ బ్యాలెన్స్ ఉంటే, ఆ 20 మినహాయించుకుని మరో 30 రోజులు నంబర్‌ను కొనసాగించాలన్నది కూడా అందులోదే. దీన్ని చూసి "20 రూపాయలు వేసి వదిలేస్తే సరిపోతుంది" అని సలహాలు ఇస్తుంటారు. నమ్మి వదిలేయకండి. నంబర్ రద్దు కాకపోవడం వేరు, మెసేజ్‌లు రావడం వేరు. వ్యాలిడిటీ ఉన్న ప్లాన్ లేకపోతే ఓటీపీ ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. రద్దయిన నంబర్‌ను కంపెనీలు కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తాయి. అంటే మీ బ్యాంక్ మెసేజ్‌లు ఏ ఊరి వ్యక్తి ఫోన్‌కో వెళ్లే పరిస్థితి.

ఇందుకు చవకైన మార్గం ఒకటి ఉంది. డేటా అవసరం లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్లు తప్పనిసరిగా పెట్టాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఆదేశించింది. అలాంటి స్పెషల్ వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది కూడా. ఆ తర్వాతే 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 1,849 రూపాయలకు 365 రోజుల ప్లాన్, జియో 1,748 రూపాయలకు 336 రోజుల ప్లాన్ తెచ్చాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి వెళ్లే వారం ఒకసారి యాప్‌లో చూసుకోవాలి. మొత్తమ్మీద నెలకు 150 రూపాయల చొప్పున పడుతుంది. అమెరికాలో ఒక కాఫీ ధర కంటే తక్కువే. రోజుకు రెండు జీబీ డేటా ఇచ్చే ప్లాన్ వేసుకుని వెళ్లడం శుద్ధ దండగ. ఆ డేటా అక్కడ పనిచేయదు. గడువు ముగిసే తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద రాయించండి. అక్కడ పరీక్షల హడావుడిలో ఉన్నవాళ్లకు ఇది గుర్తుండదు.

ఇక్కడే మరో మెలిక ఉంది. రీచార్జ్ ఉన్నంత మాత్రాన అమెరికాలో సిగ్నల్ రాదు. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేసి ఉండాలి. ఈ పని ఇండియాలో ఉండగానే, కంపెనీ యాప్‌లో పూర్తి చేయాలి. అక్కడికి వెళ్లాక ఆన్ చేద్దామంటే ఆ యాప్ కూడా ఓటీపీ అడుగుతుంది! రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా చార్జీ ఉండదు. కాల్ ఎత్తితే మాత్రం, ప్యాక్ లేకపోతే నిమిషాల లెక్కన బాదుడు తప్పదు. డేటా అయితే ఇంకా ఎక్కువ. కాబట్టి విమానం ఎక్కేముందే ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో 'అలౌ సెల్యులర్ డేటా స్విచింగ్' అనే ఆప్షన్ ఉంటుంది. ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే ఇంకో సిమ్ డేటాకు మారిపోయే సదుపాయం అది. దాన్ని కూడా ఆపేయాలి. ఐమెసేజ్, ఫేస్‌టైమ్‌లకు ఇండియా నంబర్ టిక్ పెట్టి ఉంటే, అవి యాక్టివేషన్ కోసం వెనకాల చడీచప్పుడు లేకుండా ఇంటర్నేషనల్ ఎస్సెమ్మెస్ పంపుతాయి. బ్యాలెన్స్ ఎలా పోయిందో అర్థం కాక తల పట్టుకునేవాళ్లలో ఈ బాపతే ఎక్కువ.

సిమ్ ఇంట్లో వదిలి వెళ్తే?

కొందరు సిమ్‌ను అమ్మ దగ్గర ఒక బటన్ ఫోన్‌లో వేసి వెళ్తారు. ఖర్చు లేదు, రోమింగ్ గొడవ లేదు. కానీ టైమ్ తేడా సంగతి మర్చిపోతారు. వేసవిలో న్యూయార్క్‌కు, మనకు తేడా తొమ్మిదిన్నర గంటలు. డాలస్, హ్యూస్టన్ వైపు పదిన్నర. కాలిఫోర్నియా అయితే పన్నెండున్నర. శీతాకాలంలో దీనికి ఇంకో గంట కలపాలి. డాలస్‌లో మధ్యాహ్నం మూడింటికి ఓటీపీ కావాలంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. నిద్రలో ఉన్న అమ్మ లేచి, కళ్లజోడు వెతుక్కుని, ఆరంకెలు చదివేలోపు గడువు అయిపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ఫోన్‌లో ఓటీపీ చదివి చెప్పడం ఇంట్లోవాళ్లకు అలవాటైపోతుంది. సైబర్ మోసగాళ్లకు కావాల్సింది ఆ అలవాటే. "మీ అబ్బాయి యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాం, ఒక కోడ్ వచ్చింది చూడండి" అంటే చెప్పేస్తారు. సిమ్ ఇంట్లోనే ఉంచక తప్పకపోతే, పిల్లలు వీడియో కాల్‌లో కనిపించి అడిగితే తప్ప ఏ కోడూ చెప్పకూడదని ఇంట్లో ముందే గట్టిగా అనుకోవాలి.

సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోవాలి. ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్న ఆధార్‌తో తీసుకున్న సిమ్‌నే ఇప్పటికీ వాడుతున్నవాళ్లు చాలామంది. సిమ్ పోతే డూప్లికేట్ తీసుకోవడానికి ఎవరి పేరుంటే వాళ్లే స్టోర్‌కు వెళ్లాలి. నాన్న పేరుంటే ఆయన తీసుకుని పంపగలరు. విద్యార్థి పేరునే ఉంటే, అమెరికాలో పోగొట్టుకున్న సిమ్ కోసం ఇండియా రావాల్సిన పరిస్థితి కూడా ఎదురవ్వొచ్చు. అలాగని పేరు మార్చేయమని కాదు. తెలిసి ఉండటం ముఖ్యం. ఇంకో మాట... సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నిబంధన ఇది. కాబట్టి ఫీజు ఆఖరి తేదీ ముందు రోజు సిమ్ మార్చుకునే పని పెట్టుకోవద్దు.

మరి ఏది మంచిది? పాత ఫోన్ ఒకటి ఉంటే అందులో ఇండియా సిమ్ వేసి వెంట తీసుకెళ్లడం అన్నింటికంటే నిక్కచ్చి పద్ధతి. అది అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్‌లో ఉంటుంది. ఓటీపీ వస్తే చూసుకోవచ్చు. కొత్త ఫోన్ పోయినా, పగిలినా నంబర్ భద్రం. అయితే వాట్సాప్ విషయంలో ఒకటి గమనించాలి. ఏ సిమ్‌తో ఖాతా తెరిచారో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లు పనిచేసేలా చూడాలని టెలికాం శాఖ 2025 నవంబర్‌లో ఆయా సంస్థలను ఆదేశించింది. ఇండియా నంబర్ వాట్సాప్ ఒక ఫోన్‌లో, సిమ్ ఇంకో ఫోన్‌లో ఉంటే దీనివల్ల ఇబ్బంది రావచ్చు. అలాంటప్పుడు వాట్సాప్‌లోని 'చేంజ్ నంబర్' ద్వారా అమెరికా నంబర్‌కు మారిపోవచ్చు. పాత చాట్లు, గ్రూపులు అలాగే ఉంటాయి.

ఇ-సిమ్ చేయించుకోవాలా, వద్దా?

దీనికి సమాధానం అమెరికాలో కొనబోయే ఫోన్‌ను బట్టి ఉంటుంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు అసలు సిమ్ ట్రే ఉండదు. అంతా ఇ-సిమ్మే. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన ప్లాస్టిక్ సిమ్‌ను ఆ ఫోన్‌లో పెట్టడానికి చోటే లేదు. బ్లాక్ ఫ్రైడే సేల్‌లో ఐఫోన్ కొన్నాక ఈ సంగతి తెలిసి బిత్తరపోయినవాళ్లు ఎందరో. అక్కడే కొనాలనుకునేవాళ్లు ఇండియా సిమ్‌ను ముందే ఇ-సిమ్‌గా మార్చుకోవాలి. ఆండ్రాయిడ్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లు ప్లాస్టిక్ సిమ్‌ను ఉంచుకోవడమే మేలు. ఎందుకంటే ఇ-సిమ్ ఉన్న ఫోన్ పగిలితే దాన్ని తీసి ఇంకో ఫోన్‌లో పెట్టలేం. మళ్లీ కంపెనీకి రిక్వెస్ట్ పెట్టాలి, మళ్లీ అదే ఓటీపీ తంతు.

ఆధార్‌కు ఏ నంబర్ లింక్ అయి ఉందో కూడా బయలుదేరేముందే సరిచూసుకోండి. విదేశీ మొబైల్ నంబర్లకు ఆధార్ మెసేజ్‌లు పంపే సదుపాయం లేదని యూఐడీఏఐ చెబుతోంది. అక్కడికి వెళ్లాక అమెరికా నంబర్ ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటే కుదరదు. ఫెమా నిబంధనల ప్రకారం చదువు కోసం వెళ్లినవారిని కూడా ఎన్నారైలుగానే పరిగణిస్తారని ఆర్‌బీఐ 2003లోనే స్పష్టం చేసింది. సాధారణ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌వోగా మార్చుకోవాలి. దీంతో ఒక సౌకర్యం కూడా ఉంది. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్‌వో ఖాతాలు ఉన్నవారు అమెరికా సహా కొన్ని దేశాల మొబైల్ నంబర్లతోనే యూపీఐ వాడుకునేలా ఎన్‌పీసీఐ 2023 జనవరిలో అనుమతి ఇచ్చింది. మీ బ్యాంక్ ఆ సేవ ఇస్తోందో లేదో అడగండి. ఇస్తే ఓటీపీ బాధ కొంత తగ్గినట్టే. బ్యాంకుల 1800తో మొదలయ్యే టోల్ ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. ఎన్నారై కస్టమర్ల కోసం ఇచ్చే ప్లస్ 91 నంబర్‌ను రాసి పెట్టుకోవాలి.

ఇక్కడి ఫోన్ అక్కడ పనిచేస్తుందా?

"5జీ ఫోనే కదా, ఎక్కడైనా పనిచేస్తుంది" అనుకోవడం ఇంకో పొరపాటు. 2022 ముగిసేసరికి అమెరికాలో ఏటీ అండ్ టీ, టీ-మొబైల్, వెరైజన్ మూడూ 3జీని మూసేశాయి. ఇప్పుడు కాల్ వెళ్లాలంటే 4జీ మీద నడిచే వోల్ట్ ఉండాల్సిందే. ఫోన్‌లో ఆ సౌకర్యం ఉండటమే కాదు, అక్కడి కంపెనీ ఆ మోడల్‌ను అంగీకరించాలి. ఏటీ అండ్ టీ అయితే తమ నెట్‌వర్క్‌లో పనిచేసే ఫోన్ల జాబితానే పెట్టింది. అందులో లేని ఫోన్‌తో నెట్ వచ్చినా కాల్ వెళ్లకపోవచ్చు.

ఫ్రీక్వెన్సీ బ్యాండ్ల గొడవ దీనికి తోడు. ఊరి శివార్లలో, భవనాల లోపల, బేస్‌మెంట్లలో సిగ్నల్ అందాలంటే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు కావాలి. టీ-మొబైల్‌కు 12, 71 బ్యాండ్లు, వెరైజన్‌కు 13వ బ్యాండ్ ఆ పని చేస్తాయి. ఇండియా మార్కెట్ కోసం తయారైన మిడ్ రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో ఇవి ఉండవు. క్యాంపస్ నడిమధ్యలో ఫుల్ సిగ్నల్ చూపించే ఫోన్, ఇంట్లోకి రాగానే చేతులెత్తేస్తుంది. ఐఫోన్లకు ఈ సమస్య తక్కువ. వెళ్లేముందు *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్‌ను ఆ కంపెనీల వెబ్‌సైట్‌లో ఎంటర్ చేస్తే ఫోన్ పనిచేస్తుందో లేదో చెప్పేస్తాయి. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల పని చేయకే, వెళ్లే ముందు 25 వేలు పెట్టి కొత్త ఫోన్ కొని, అక్కడికి వెళ్లిన నెలకే మరోటి కొంటున్నారు.

మొదటి వారం ఎలా?

ఎయిర్‌పోర్టులో దిగగానే క్యాబ్ బుక్ చేయాలి, రూమ్మేట్‌కు ఫోన్ చేయాలి, ఇంటికి క్షేమంగా చేరామని చెప్పాలి. ఇందుకోసం ట్రావెల్ ఇ-సిమ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వారం రోజుల డేటాకు అవి సరిపోతాయి. కాకపోతే చాలావాటిలో డేటా మాత్రమే ఉంటుంది, అమెరికా నంబర్ రాదు. బ్యాంక్ ఖాతా తెరవడానికి, అపార్ట్‌మెంట్ లీజుకు, యూనివర్సిటీ రికార్డులకు అక్కడి నంబర్ కావాలి. ఇప్పుడు చాలా కంపెనీలు ఇ-సిమ్‌ను ఆన్‌లైన్‌లోనే అమ్ముతున్నాయి కాబట్టి ముందే కొని, దిగాక యాక్టివేట్ చేసుకునే వీలుంది. ఇండియా కార్డుతో పేమెంట్ వెళ్లకపోతే కంగారు పడక్కర్లేదు. వాల్‌మార్ట్, టార్గెట్, బెస్ట్ బై లాంటి స్టోర్లలో ప్రీపెయిడ్ సిమ్ కిట్లు, రీఫిల్ కార్డులు దొరుకుతాయి.

ఏ కంపెనీ ప్లాన్?

అమెరికాలో సొంత టవర్లతో దేశమంతా విస్తరించిన పెద్ద కంపెనీలు మూడే. వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. మిగతా పేర్లన్నీ దాదాపుగా వీటి టవర్లనే అద్దెకు తీసుకుని నడిచేవి. మింట్ మొబైల్, టెల్లో, గూగుల్ ఫై టీ-మొబైల్ మీద నడుస్తాయి. మింట్‌ను 2024లో టీ-మొబైల్ కొనేసింది కూడా. విజిబుల్ వెరైజన్‌ది, క్రికెట్ ఏటీ అండ్ టీది.

పెద్ద కంపెనీల పోస్ట్‌పెయిడ్ తీసుకోవాలంటే క్రెడిట్ చెక్ ఉంటుంది, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు. ఎఫ్-1 మీద కొత్తగా వెళ్లినవారికి క్రెడిట్ హిస్టరీ ఉండదు. ఎస్ఎస్ఎన్ కూడా క్యాంపస్ జాబ్ లాంటిది వస్తేనే దొరుకుతుంది. అది లేకుండా ఇస్తామన్నా డిపాజిట్ అడగవచ్చు. ప్రీపెయిడ్‌కు ఈ తంటాలేవీ లేవు. డబ్బు కట్టు, వాడుకో. నచ్చకపోతే వదిలేయ్. పోస్ట్‌పెయిడ్ తీసుకుంటే క్రెడిట్ స్కోర్ పెరుగుతుందని సీనియర్లు చెబుతుంటారు. సక్రమంగా కట్టే మామూలు ఫోన్ బిల్లు సాధారణంగా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కదు. కట్టకుండా వదిలేసి కలెక్షన్స్‌కు వెళ్తే మాత్రం తప్పకుండా ఎక్కుతుంది. అంటే పెరగడానికి పనికిరాదు, పాడవడానికి పనికొస్తుంది!

ధరల విషయానికొస్తే మింట్ మొబైల్ నెలకు 15 డాలర్ల ప్లాన్‌తో పేరు తెచ్చుకుంది. అయితే నెల నెలా కట్టడం కుదరదు. కొత్త కస్టమర్లు మూడు నెలలకు 45 డాలర్లు ఒకేసారి కట్టాలి, పన్నులు అదనం. మూడు నెలల తర్వాత అదే రేటు కావాలంటే ఏడాది మొత్తానికి ఒకేసారి కట్టాల్సి వస్తుంది. ఇక్కడ చాలామంది తడబడతారు. విజిబుల్ మామూలు ప్లాన్ నెలకు 25 డాలర్లు, పన్నులు అందులోనే కలిసి ఉంటాయి. పెద్ద కంపెనీల బోర్డు మీద కనిపించే ధర చూసి లెక్క వేసుకోవద్దు. పన్నులు, ఫీజులు కలిపాక బిల్లు పెరుగుతుంది. ఆటోపే పెడితేనే వర్తించే తగ్గింపు ధరను పెద్ద అక్షరాలతో వేయడం కూడా మామూలే.

'అన్‌లిమిటెడ్' అన్న మాటకు అక్కడ వేరే అర్థం ఉంది. కొన్ని జీబీలు దాటాక వేగం పడిపోతుంది. టవర్ మీద రద్దీ ఉన్నప్పుడు అద్దె కంపెనీల కస్టమర్లను వెనక్కి నెట్టి, సొంత కస్టమర్లకు ముందు వేగం ఇస్తారు. ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు స్టేడియం పక్కన క్యాంపస్‌లో ఉంటే తేడా తెలుస్తుంది. అయినా విద్యార్థికి నిజంగా ఎంత డేటా కావాలి? క్యాంపస్‌లో ఎడ్యురోమ్ వైఫై ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో నలుగురూ పంచుకునే ఇంటర్నెట్ ఉంటుంది. బస్సులో, దారిలో వాడే డేటాకు నెలకు ఐదు జీబీ చాలామందికి సరిపోతుంది. మొదటి మూడు నెలలు చిన్న ప్లాన్‌తో మొదలుపెట్టి, వాడకం చూసుకుని పెంచుకోవడం తెలివైన పని. హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం ప్లాన్‌లో దానికి ఎంత డేటా ఇస్తున్నారో విడిగా చూడాలి.

అన్నింటికంటే ముఖ్యం... ఆ ఊళ్లో ఏ సిగ్నల్ వస్తుందన్నది. డెంటన్, ఆర్లింగ్టన్ లాంటి డాలస్ చుట్టుపక్కల పట్టణాల్లో మూడింటికీ పెద్దగా తేడా ఉండదు. మిస్సోరిలోని మేరీవిల్, వారెన్స్‌బర్గ్ లాంటి చిన్న ఊళ్లలో చదివే తెలుగు విద్యార్థులు కూడా బాగానే ఉన్నారు. అక్కడ హైవే ఎక్కితే పొలాలే. అలాంటి చోట ఐదు డాలర్లు మిగులుతాయని సిగ్నల్ లేని సిమ్ తీసుకుంటే, చలికాలం రాత్రి కారు ఆగిపోయినప్పుడు ఆ ఐదు డాలర్ల విలువ తెలిసొస్తుంది. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్ ఉంది. అపార్ట్‌మెంట్ అడ్రస్ కొడితే ఏ కంపెనీ కవరేజీ ఉందో చూపిస్తుంది. కొన్ని కంపెనీలు ఇ-సిమ్ ద్వారా ఉచిత ట్రయల్ కూడా ఇస్తున్నాయి. మ్యాప్ చూసి, అదే బిల్డింగ్‌లో ఉంటున్న సీనియర్‌ను కూడా అడిగితే ఇంకా నయం.

అన్నయ్య ఫ్యామిలీ ప్లాన్‌లో చేరొచ్చా?

పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్లలో లైన్లు పెరిగేకొద్దీ తలసరి ఖర్చు తగ్గుతుంది. అందుకే మన విద్యార్థుల్లో రూమ్మేట్లంతా కలిసి ఒకరి పేరు మీద ప్లాన్ తీసుకోవడం మామూలైపోయింది. "నా ప్లాన్‌లో ఒక లైన్ ఖాళీ ఉంది, చేరిపో తమ్ముడూ" అని కజిన్ అన్నయ్య పిలుస్తాడు. చేరొచ్చు, డబ్బు మిగులుతుంది. కానీ ఖాతా ఎవరి పేరు మీద ఉందో లైన్ మీద అధికారం వాళ్లదే. నంబర్‌ను ఇంకో కంపెనీకి మార్చుకోవాలంటే ఆ ఖాతా నంబర్, ట్రాన్స్‌ఫర్ పిన్ కావాలి. అవి ఇవ్వాల్సింది ఖాతాదారే. రూమ్‌లో మాటామాటా పెరిగి విడిపోయినప్పుడు, ఖాతాదారు ఇండియా వెళ్లిపోయినప్పుడు నంబర్ ఇరుక్కుపోతుంది. అటువైపు నుంచి చూస్తే, నలుగురిలో ఇద్దరు డబ్బు ఇవ్వకపోయినా బిల్లు మొత్తం ఖాతాదారు నెత్తిన పడుతుంది, పాడయ్యేది ఆయన క్రెడిటే. చేరేటప్పుడే "వెళ్లిపోయే రోజు పిన్ ఇవ్వాలి" అని మాట తీసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

ఆ నంబర్ ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని నెలలు తిరిగేసరికి బ్యాంక్, క్రెడిట్ కార్డు, యూనివర్సిటీ లాగిన్, ఉద్యోగ దరఖాస్తులు అన్నీ దానికి ముడిపడతాయి. ఇంటర్వ్యూ కాల్ పాత నంబర్‌కు వెళ్లిందంటే ఆ అవకాశం పోయినట్టే. కంపెనీ మారినా నంబర్ మారకుండా పోర్ట్ చేసుకోవచ్చు. యాప్‌ల ద్వారా వచ్చే ఇంటర్నెట్ నంబర్లతో సరిపెట్టుకుందామంటే కొన్ని బ్యాంకులు వాటిని వెరిఫికేషన్‌కు అంగీకరించవు. వాడి వదిలేసిన నంబర్లను కూడా ఓ డైరీలో రాసి ఉంచుకోండి. వీసా దరఖాస్తు డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన ఇతర ఫోన్ నంబర్ల గురించి అడుగుతారు.

ఫ్రీ ఐఫోన్ నిజంగా ఫ్రీనా?

స్టోర్‌లో అడుగుపెడితే "కొత్త లైన్ తీసుకో, ఐఫోన్ ఫ్రీ" అంటారు. ఫోన్ ధరను 24 లేదా 36 నెలలకు పంచి, ప్రతి నెలా బిల్లులో అంత మొత్తం క్రెడిట్ ఇస్తారు. మధ్యలో కంపెనీ మారితే ఆ క్రెడిట్లు ఆగిపోతాయి, మిగిలిన ధర మొత్తం కట్టాలి. పైగా ఆ ఆఫర్ ఖరీదైన అన్‌లిమిటెడ్ ప్లాన్‌కే వర్తిస్తుందని చిన్న అక్షరాల్లో ఉంటుంది. బాకీ తీరేదాకా ఫోన్ ఆ కంపెనీకే లాక్ అయి ఉండొచ్చు. ఇండియా వచ్చినప్పుడు ఇక్కడి సిమ్ అందులో పనిచేయదు. మాస్టర్స్ ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. ఆ తర్వాత ఉద్యోగం ఎక్కడో, ఏ రాష్ట్రమో తెలియదు. 36 నెలల బంధానికి సంతకం పెట్టేముందు నెలకు 15 డాలర్ల ప్లాన్‌కు, ఆ ఖరీదైన ప్లాన్‌కు మధ్య తేడాను 36తో గుణించి చూడండి. చాలాసార్లు ఆ డబ్బుతో ఫోన్ సొంతంగా కొనుక్కోవచ్చు.

కొత్త నంబర్‌కు పాత అప్పుల కాల్స్

సిమ్ వేసిన రెండో రోజే ఎవరో ఫోన్ చేసి, ఎవరిదో పేరు పిలిచి, బాకీ కట్టమంటారు. భయపడక్కర్లేదు. అమెరికాలోనూ వదిలేసిన నంబర్లను మళ్లీ ఇంకొకరికి ఇస్తారు. 45 రోజులు ఆగితే చాలు. పాత యజమాని అప్పులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు అన్నీ మీ ఫోన్‌కు వస్తుంటాయి. "ఆ వ్యక్తి నంబర్ కాదిది" అని చెప్పి పెట్టేయండి. పుట్టినతేదీ, అడ్రస్ లాంటివి మాత్రం చెప్పొద్దు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి అనో, ఇండియన్ ఎంబసీ నుంచి అనో, మీ పత్రాల్లో తప్పుందని, డిపోర్ట్ చేస్తామని బెదిరించి డబ్బు అడిగే కాల్స్. స్క్రీన్ మీద నిజమైన ఆఫీస్ నంబరే కనిపించేలా చేయగలరు. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇలాంటి నకిలీ కాల్స్‌పై హెచ్చరికలు జారీ చేసింది. ఏ ప్రభుత్వ కార్యాలయమూ గిఫ్ట్ కార్డులు కొని నంబర్ చెప్పమని అడగదు. ఫోన్ పెట్టేసి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీస్‌కు చెప్పాలి.

వైఫై కాలింగ్ ఆన్ చేసేటప్పుడు ఒక అడ్రస్ అడుగుతుంది. చాలామంది తొందరలో ఏదో ఒకటి కొట్టేస్తారు. అది ఎమర్జెన్సీ అడ్రస్. 911కు వైఫై ద్వారా కాల్ చేసినప్పుడు పోలీసులు, అంబులెన్స్ ఆ చిరునామాకే రావచ్చు. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని కూడా మార్చాలి.

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇదే కథ తిరగబడుతుంది. అప్పుడు అమెరికా బ్యాంక్ ఓటీపీ అమెరికా నంబర్‌కు వెళ్తుంది. కొన్ని కంపెనీల సిమ్‌లు ఇండియాలో వైఫై కాలింగ్ మీద పనిచేస్తాయి, కొన్ని ఇండియా నుంచి ఆ సదుపాయాన్ని అనుమతించవు. టికెట్ బుక్ చేసుకునే రోజే కస్టమర్ కేర్‌ను అడిగి, అవసరమైతే నంబర్‌ను అనుమతించే కంపెనీకి పోర్ట్ చేసుకుని విమానం ఎక్కాలి.